గీదం నుంచి వచ్చిన ఫోను

కక్కలేక మింగలేక అంటారు. ఆ మాట నేనూ చాలాసార్లు వాడాను, కూరలో ఉప్పెక్కువైన రోజున కూడా వాడాను. దాని అసలు బరువు తెలిసింది మాత్రం మా బాబు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తర్వాతే. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక విషయం గొంతు దగ్గరే ఆగి ఉంది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, ఇప్పుడు చెబుదామంటే ఆమె లేదు. దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా ఆ మాట దగ్గరికి రాగానే పక్కకు తప్పుకుని బాబు చదువు గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మొక్కుకునేదాన్ని.

ఈ కాగితాలు అసలు ఇందుకోసం ఇచ్చినవి కావు. జగదల్‌పూర్‌లో పిల్లల వార్డుకు పుస్తకాలు తీసుకొచ్చే పెద్దావిడ ఒకరున్నారు. ఒకప్పుడు బడిలో టీచరు. అందరూ దీదీ అనే పిలుస్తారు. ఆసుపత్రిలో పిల్లల పక్కన కూర్చునే అమ్మానాన్నల కోసం ఆవిడ ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. హిందీలో కొందరు, ఇక్కడివాళ్ల హల్బీ భాషలో కొందరు రాస్తున్నారట. తెలుగులో నన్ను రాయమన్నారు. చదవడం, రాయడం ఆ రోజుల్లో నీకు ఎలా ధైర్యమిచ్చాయో రెండు పేజీలు రాసివ్వు చాలు అన్నారు.

కూర్చున్నాను. ధైర్యం అనే మాట రాశాను. తర్వాత పెన్ను కదల్లేదు. మీరు ఏ మంచం పక్కన కూర్చుని ఇది చదువుతారో నాకు తెలియదు. మీ బిడ్డ కళ్లు తెరిచి ఉందో మూసుకుని ఉందో తెలియదు. అలాంటి చోట కూర్చున్న మనిషికి అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు. ఇన్నేళ్లూ అబద్ధంతోనే బతికినదాన్ని, అదీ నిజమే.

మాది కిరందుల్, ఇనుప గనుల ఊరు. మా ఆయనకు గనిలో ఉద్యోగం. విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. చరణ్‌కు అప్పుడు ఆరేళ్లు. మొదట జ్వరం, దగ్గు, ఆ పైన ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. దంతెవాడ ఆసుపత్రిలో చేర్చాం. పక్క మంచం మీద రాజి అనే పాప ఉండేది. చరణ్ కంటే చిన్నది. ఉసూర్ దాటాక అడవి లోపల వాళ్ల ఊరు. మలేరియా మెదడుకెక్కిందని డాక్టర్లు చెప్పారు. వాళ్లమ్మ పేరు సమ్మక్క. ఆమెకు హిందీ రాదు. ఇంట్లో దోర్లీ మాట్లాడుకుంటారు, తెలుగు బాగా వచ్చు. వార్డులో తెలుగు మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి డాక్టరు చెప్పింది ఆమెకు చెప్పడం, ఆమె అడిగింది నర్సును అడగడం నా పనైంది. నన్ను అక్కా అనేది. వయసులో ఆమే పెద్దదేమో. చీర బాగున్నవాళ్లను అక్కా అంటారనుకుంటాను.

రాజికి తండ్రి లేడు. ఎత్తుకుని తిప్పి పెంచింది మేనమామ ఎర్రయ్య. మిరపకాయలు ఏరే కూలికని అతను తెలంగాణ వైపు పోయి ఉన్నాడు. పాపకు కాస్త తెలివి వచ్చినప్పుడల్లా అడిగేది ఒకటే, మామ ఏడి అని. వాళ్ల ఊరికి తిరిగిపోతున్న ఒకాయన చేతికి నా ఫోను నంబరు రాసిచ్చాం. అక్కడి నుంచి కూలికి పోయేవాళ్ల చేత కబురు పంపి ఎర్రయ్యను దంతెవాడ ఆసుపత్రికి రమ్మనాలి. గీదంలో బస్సు మారేటప్పుడు ఎవరినైనా బతిమాలి ఈ నంబరుకు ఫోను చేయమనాలి. అతనికి ఫోను లేదు, ఉన్నా అంతకుముందు దారిలో సిగ్నల్ దొరకదు.

ఆ మనిషి వెళ్లిన మర్నాడే మమ్మల్ని జగదల్‌పూర్ పంపించారు. పిల్లలిద్దరికీ కలిపి ఒకటే అంబులెన్సు. గీదంలో దారి రెండుగా చీలుతుంది. కిందికి దంతెవాడ, ఇటు జగదల్‌పూర్. ఆ మలుపు దగ్గర సమ్మక్క కిటికీలోంచి బస్టాండు వైపు చూసి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మా తమ్ముడు ఈడ దిగి నీకు ఫోన్ జేత్తడు. దంతెవాడ పోవద్దు, సీదా జగదల్‌పూరే రమ్మని జెప్పు. ఆనికి వేరే ఎవలు జెప్పేటోళ్లు లేరు."

"నేను చెప్తాను కదా, నువ్వు దాని గురించి ఆలోచించకు," అన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను. ఆ మాట అన్నప్పుడు నాలో ఏ కల్మషమూ లేదు.

దీదీ నాకు పరిచయమైంది జగదల్‌పూర్ వార్డులోనే. భుజాన సంచి, అందులో బొమ్మల పుస్తకాలు, ఒక కట్ట తెల్లకాగితాలు. పిల్లలకు వినబడుతుందా లేదా అని చూడకండి, చదువుతూ ఉండండి, మీ గొంతు వాళ్లకు తెలుస్తుంది అనేవారు. మిగిలిన సమయంలో రాయండి, భయమేస్తే భయమేస్తోందనే రాయండి, ఎవరికీ చూపించక్కర్లేదు అనేవారు. రాయడం రానివాళ్లు పక్కవాళ్లకు చెప్పి రాయించుకునేవారు. ఒక తాత రోజూ పొద్దున్నే వచ్చి మనవడికి తన ఎడ్ల పేర్లు రాయించి తలగడ కింద పెట్టేవాడు. అది మంచి పనే. ఇప్పటికీ మంచి పనే అంటాను. నా తప్పును తీసుకెళ్లి ఆ కాగితాల మీద వేయడం నా ఉద్దేశం కాదు.

నేను రాయడం మొదలుపెట్టిన రోజు పేజీ నిండేసరికి చరణ్‌కు జ్వరం దిగింది. మర్నాడు సగం పేజీలో నర్సు పిలిస్తే లేచాను. ఆ సాయంత్రం జ్వరం మళ్లీ ఎక్కింది. ఇక నా బుర్రలో పురుగు దూరింది. పేజీ మొదలుపెడితే అడుగు దాకా ఆపకూడదు. పెన్ను ఎత్తకూడదు. ఆపితే బాబుకు ఏదో అవుతుంది. డిగ్రీ చదివినదాన్ని. పిల్లి ఎదురైతే వెనక్కి తిరిగే మా అత్తగారిని ఆటపట్టించినదాన్ని. ఎవరికైనా చెబితే నవ్వుతారని తెలుసు. అయినా పెన్ను ఎత్తలేకపోయేదాన్ని. బాబు ఒంటికి గొట్టం తగిలించి ఉంటే, ఆ గొట్టంలో నీళ్లు బుడగలు కడుతుంటే, తర్కం ఎక్కడి నుంచి వస్తుంది? ఇలా అడిగి నన్ను నేను వదిలేసుకోవాలని చూస్తున్నానా? ఏమో. కొంత అదీ ఉంది.

ఒక మధ్యాహ్నం రాజి బాగా తెలివిలోకి వచ్చింది. దీదీ ఇచ్చిన పుస్తకం ఒకటి తీసి చదవబోయాను. సంతకు బయల్దేరిన తాబేలు కథ. అది సంతకు చేరేసరికి అందరూ మూటలు కట్టేస్తుంటారు. పుస్తకం హిందీలో ఉంటే నేను తెలుగులో చెప్పేదాన్ని. సమ్మక్క నా చెయ్యి ఆపింది. పగటిపూట కథలు చెప్పకూడదట. చెబితే మేనమామ దారి తప్పుతాడట. ఆ మాట నేను కిరందుల్‌లో హిందీవాళ్ల నోటా విన్నాను. నవ్వేశాను. మీ తమ్ముడు నడిచి రావడం లేదు బస్సులో వస్తాడు, దారి తప్పితే డ్రైవరు తప్పాలి అన్నాను. ఆమె కూడా కొంచెం నవ్వింది. నేను కథ చెప్పాను. తాబేలు సంత ఎత్తేసిన చోట ఒక్కతే కూర్చుని, మర్నాటి సంతకు అందరికంటే ముందు నేనే వచ్చాను అంటుంది. రాజి నవ్వింది. అన్ని రోజుల్లో అదే మొదటిసారి. సమ్మక్కే, ఇంకోపాలి జెప్పు అక్కా అంది.

మర్నాడు చరణ్‌కు ఛాతీలో గొట్టం మార్చాలన్నారు. లోపలికి తీసుకెళ్లారు. తల్లులు లోపలికి రాకూడదు. తలుపు బయట బల్ల మీద కూర్చుని కాగితం తీశాను. ఏం రాశానో ఒక్క ముక్క గుర్తులేదు. లోపల బాబు అమ్మా అని అరిచాడు. మళ్లీ అరిచాడు. తర్వాత ఏమీ వినబడలేదు. ఆ ఏమీ వినబడకపోవడం ఎంత భయమో మీకు తెలిసే ఉంటుంది. నేను రాస్తూనే ఉన్నాను. సగం పేజీ అయింది. ఒళ్లో ఫోను మోగింది.

తెలియని నంబరు. కానీ నాకు తెలుసు. ఇన్నేళ్లలో నాకు నేను కూడా చెప్పుకోని మాట ఇదే. ఎవరో అనుకున్నాను, బ్యాంకువాళ్లేమో అనుకున్నాను అని ఎన్నోసార్లు నన్ను నమ్మించుకోబోయాను. కాదు. అది ఎర్రయ్యేనని ఆ క్షణంలోనే తెలుసు. ఎత్తితే ఏం మాట్లాడాలి? రెండు ముక్కలు. దంతెవాడ వద్దు, జగదల్‌పూర్ రా. అంతే కదా. కుడిచేత్తో రాస్తూనే ఎడమచేత్తో కట్ చేశాను. మళ్లీ మోగింది. పేజీ అడుగుకు ఇంకా కొంచెమే ఉంది. ఫోను ఆపేశాను.

పేజీ నిండింది. తలుపు తెరుచుకుంది. చరణ్ బాగానే ఉన్నాడు. గొట్టం సరిగ్గా పడింది, ఇక తేరుకుంటాడు అన్నారు. నా పిచ్చి నమ్మకం నెగ్గింది. దానికంటే భయంకరమైంది ఇంకేముంటుంది?

ఫోను ఆన్ చేసి ఆ నంబరుకు తిరిగి చేశాను. గీదం బస్టాండు దగ్గర హోటలతను ఎత్తాడు. ఒకతను వచ్చి ఫోను చేయించుకున్నాడని, కలవకపోతే దంతెవాడ బస్సెక్కి వెళ్లిపోయాడని హిందీలో చెప్పాడు. సరే అని పెట్టేశాను.

ఇక్కడిదాకా అయితే భయం అనుకోవచ్చు. మతి చెడింది అనుకోవచ్చు. దీని తర్వాత చేసిందానికి ఆ సాకు కూడా లేదు.

సాయంత్రానికి చేరేలా మా ఆయన కిరందుల్ నుంచి బస్సులో వస్తున్నారు. దారిలో ఫోను చేశారు. దంతెవాడలో బస్సు ఆగింది, బాబుకు ఏమైనా తేనా అని అడిగారు. దంతెవాడలోనే ఉన్నారు. ఎర్రయ్యా అక్కడే ఎక్కడో ఉన్నాడు. ఆసుపత్రికి ఒక ఆటోలో వెళ్లి, ఎర్రయ్య అని అడవి ఊరి మనిషి బిక్కుబిక్కుమంటూ తిరుగుతుంటే వెంటబెట్టుకు రండి అంటే ఆయన కాదనే మనిషి కాదు. తర్వాతి బస్సుకు ఇద్దరూ వచ్చేసేవారు. కానీ చెప్పాలంటే ఫోను ఎందుకు ఎత్తలేదో చెప్పాలి. పెన్ను సంగతి చెప్పాలి. చెబితే ఆయన ఏమనుకుంటారు? సిగ్గేసింది. కేవలం సిగ్గు. బత్తాయిలు తీసుకురండి అన్నాను.

మా ఆయన వచ్చాక, దీపాలు పెట్టే వేళకు రాజి కళ్లు తెరిచింది. ద్వారం వైపే చూసింది. సమ్మక్క నా దగ్గరకు వచ్చి అడిగింది.

"అక్కా, ఫోన్ అచ్చిందా?"

"రాలేదు సమ్మక్కా."

"టవర్ దొరకలేదో ఏందో. రేపైతే అత్తడు తియ్."

నేను ఇబ్బంది పడకుండా తనే సాకు వెతికిచ్చింది. నేను చరణ్‌కు బత్తాయి తొనలు వలిచి పెడుతున్నాను. ఒక తొన రాజికి ఇవ్వనా అన్నాను కూడా. ఇవన్నీ ఎలా గుర్తున్నాయో చూడండి, రాసిన పేజీలో ఒక్క ముక్క గుర్తులేదు గానీ.

తెల్లవారాక రాజికి ఫిట్స్ వచ్చాయి. డాక్టర్లు చేయగలిగింది చేశారు. పొద్దు ఎక్కకముందే పోయింది.

ఎర్రయ్య మధ్యాహ్నానికి వచ్చాడు. చేతిలో పాపకని కొన్న రబ్బరు చెప్పులు. హిందీ రాదు కాబట్టి దంతెవాడ ఆసుపత్రిలో గది గదికీ తొంగిచూసుకుంటూ తిరిగాడట. జగదల్‌పూర్ పంపేశారని అర్థమయ్యేసరికి బస్సులు లేవు. బస్టాండులో పడుకుని పొద్దున్నే ఎక్కాడు. ఫోను మళ్లీ ఎందుకు చేయించలేదంటే, కలవని నంబరు అనుకున్నాడు. మా దగ్గర ఫోను కలవకపోవడం వింతేమీ కాదు, ఎవరూ దాన్ని ఇంకోసారి అడగరు. అతను వార్డు బయట మెట్ల మీద కూర్చుని, "ఫోన్ కొట్టిచ్చిన, కలవలే," అన్నాడు. సమ్మక్క అప్పుడు నా వైపు తిరిగింది. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆమె తన చెంపలు తనే వాయించుకుంది.

"నేనే అక్కా. పగటీలి కత ఇన్న. నువ్వు సదువుకున్నదానివి, నీకేం ఎరుక. నాకు ఎరుకుండి గూడ ఇన్న. ఇంకోపాలి జెప్పమన్న. అందుకే నా తమ్ముడు తొవ్వ తప్పిండు."

అలా అనుకోకు అన్నాను. అంతే అన్నాను. దగ్గరకు తీసుకుని వీపు నిమిరాను. ఆమె నా భుజం మీద ఏడ్చింది. నా లోపల ఏం జరిగిందో చెప్పమంటారా? తేలికైంది. నన్ను ఎవరూ అడగరని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. ఒక తల్లి బిడ్డను పోగొట్టుకుని, తప్పు కూడా తన మీదే వేసుకుని నా భుజం తడుపుతుంటే నాకు తేలికైంది.

పాప బతికేదని నేను అనడం లేదు. డాక్టర్లు కూడా అనలేదు. కానీ ఆ ఒక్క సాయంత్రం మామ పక్కన ఉండేవాడు. ద్వారం వైపు చూసిన పిల్లకు ద్వారంలో మామ కనబడేవాడు. దాన్ని నేను తీసేశాను.

చరణ్ ఇప్పుడు నాకంటే పొడుగయ్యాడు. వాడు దగ్గితే చేతిలో పని వదిలేసి వెళ్తాను. జలుబు చేస్తే వీపుకు చెవి పెట్టి వింటాను, వాడు విసుక్కుంటాడు. ఆ పేజీ నింపి వాడి ఊపిరి తెచ్చుకున్నానని, దాని లెక్క ఎవరో ఎప్పుడో అడుగుతారని భయం. ఇలాంటివేవీ ఉండవని తెలుసు. అయినా భయం. ఫోను మోగితే మొదటి గంటకే ఎత్తుతాను, స్నానాల గదిలోకి కూడా తీసుకెళ్తాను. కాలనీలో ఆడవాళ్లు ఫోను మీదే కోడిలా పొదుగుతావేమిటని ఆటపట్టిస్తారు. నవ్వుతాను. నెలకోసారి దీదీతో వార్డుకు వెళ్లి పిల్లలకు చదువుతాను. మంచి మనసు అంటారు. అదీ నవ్వుతూనే వింటాను. పగలే చదువుతాను, తలుపు వైపు వీపు పెట్టి కూర్చుంటాను.

ఒక ఏడు దంతేశ్వరి గుడి దగ్గర మడై జాతరలో సమ్మక్క ఎదురైంది. పారిపోదామనుకునేలోపే చెయ్యి పట్టుకుంది. చరణ్ బాబు మంచిగున్నడా అని ముందు అదే అడిగింది. కొంగులోంచి తునికి పళ్లు తీసి నా సంచిలో పోసింది. పక్కన ఎర్రయ్య ఉన్నాడు. ఎర్రయ్య కొడుకు, నాలుగేళ్ల వాడు, ఆమె చంకలో ఉన్నాడు. నా సంచిలో వార్డుకని తెచ్చిన బొమ్మల పుస్తకం చూసి వాడు చెయ్యి చాపాడు. సమ్మక్క గబుక్కున ఆ చెయ్యి వెనక్కి లాగింది. పగటిపూట వద్దు బిడ్డా అంది. మెల్లగా అంది, కానీ ఆమె ముఖంలో రక్తం లేదు. తమ్ముణ్ణి ఇప్పుడు ఒంటరిగా ఎక్కడికీ పోనివ్వదట. మిరప కూలికి పోవడం మానిపించింది. ఆ డబ్బులు లేక ఇబ్బందే, అయినా మళ్లీ తొవ్వ తప్పితే ఎట్ల అక్కా అంది. ఎర్రయ్య తల వంచుకుని నిలబడ్డాడు. దారి తప్పినవాడు తనే అని అతనూ నమ్మేశాడు.

అప్పుడు చెప్పాల్సింది. జనం, డోళ్లు, దుమ్ము, ఎవరూ వినరు, ఆమె ఒక్కతే వింటుంది. నోరు తెరిచాను కూడా. బస్సు టైమైంది, వస్తాను అన్నాను.

సమ్మక్కకు చదవడం రాదు. దీదీ ఇది అచ్చు వేసినా ఆమె చేతికి చేరదు, ఆ సంగతి నాకు తెలిసే రాస్తున్నానా అని కూడా నన్ను నేను అడిగాను. అవునేమో. ఉసూర్ దాకా బస్సు ఉంది. అది ఎక్కే ధైర్యం ఇంకా రాలేదు. ఎక్కుతానని మీకు మాట ఇవ్వలేను, నా మాట ఎంత నిలబడుతుందో మీరు ఇప్పుడే చూశారు. క్షమించమని ఎవరినీ అడగడం లేదు. ఇంత రాశాక గొంతు దగ్గర కొంచెం వదులైన మాట నిజం. అది నాకు దక్కదగ్గది కాదు, అయినా వదులైంది.

మీలో ఎవరికైనా ఆ వైపు చుట్టాలుంటే, ఎప్పుడైనా ఆమె తారసపడితే, నేను చెప్పలేనిది మీరు చెప్పండి. ఎర్రయ్య దారి తప్పలేదు. చెప్పిన చోటే దిగాడు, చెప్పినట్టే ఫోను చేయించాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. ఫోను కలిసింది. నేనే ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం కథ విన్నందుకు ఎవరికీ ఏమీ కాలేదు. రాజి నవ్వింది, అంతే.